ఆరో తొడుగు

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురున్నారు. బాల్కనీలో చింతచిగురు చాట ముందేసుకుని ఈనెలు తీస్తున్న లచ్చవ్వ. వంటింట్లో కుక్కరుతో కుస్తీ పడుతున్న ఆమె అల్లుడు రాజేశం. సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోన్ చూసుకుంటున్న మనవరాలు నవత. ఆమెకు ఎదురుగా, ఒళ్ళో స్టీలు పెట్టె పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్న డాక్టర్ సుదర్శనం. ఐదో మనిషి లచ్చవ్వ కూతురు, కెప్టెన్ స్వరూప. ఆ పెట్టె వచ్చింది ఆమె కోసమే.

శంషాబాద్‌లో వాళ్ళ ఫ్లాటు ఐదో అంతస్తులో ఉంది. విమానం దిగినప్పుడల్లా స్టాండులో గిన్నెలు గలగలమంటాయి. లచ్చవ్వకు ఆ బాధ లేదు. ఆమె పుట్టి ఎన్నడూ చప్పుడు వినలేదు, నోటితో మాట పలకలేదు. ఆమె మాటలన్నీ చేతుల్లోనే ఉన్నాయి. అవి బళ్ళో నేర్పే సైగలు కావు. కోరుట్ల దగ్గర పల్లెలో బీడీలు చుట్టుకుంటూ ఆమె తనంతట తాను కల్పించుకున్నవి. కూతురు పుట్టాక ఇద్దరూ కలిసి పెంచుకున్నవి. ఆ భాష వచ్చినవాళ్ళు లోకం మొత్తం మీద ముగ్గురే. లచ్చవ్వ, స్వరూప, నవత. రాజేశానికి తిండి మాటలు, తిట్లు మాత్రం వచ్చు. కాపురానికి అవి చాలంటాడు.

లచ్చవ్వ చాట పక్కకు నెట్టింది. డాక్టరు వైపు గడ్డంతో చూపించి, కుడిచేతి మూడు వేళ్ళను ఎడమ అరచేతిలో దులిపి, మణికట్టు తిప్పింది.

స్వరూప తల్లి చేతులకేసి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. వేళ్ళు కదలడం కనపడింది, అంతే. తెలియని దేశంలో దుకాణం బోర్డు చదవబోయినట్టుంది.

"అమ్మా, అమ్మమ్మ అడుగుతుంది," అంది నవత.

"ఏమని?"

నవత ఫోన్ దించింది. "ఏమని ఏంది? సారు తిన్నడా అని అడుగుతుంది. నీకు సమజ్ కాలేదా?"

రాజేశం గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "గది నాకే తెలుసు గదనే. నీకు తెల్వకపోవుడేంది?"

స్వరూప డాక్టరు వైపు చూసింది. డాక్టరు తలవంచుకుని పెట్టె తాళాన్ని సవరిస్తున్నాడు. తాళం సవరించాల్సిన అవసరం ఏమీ లేదు. ఈయనకు తెలుసు, అనుకుంది స్వరూప. ముందునుంచే తెలుసు.

*

ఒకప్పుడు పైలట్ ఒక్క రకం విమానానికే కట్టుబడి ఉండేవాడు. ఇంకో రకం నడపాలంటే నెలల తరబడి మళ్ళీ బడికి పోవాలి. ఒకదాంట్లో రెండు చేతులతో కొమ్ములు పట్టుకుని నడపాలి, ఇంకోదాంట్లో పక్కనుండే చిన్న కర్రను ఒంటిచేత్తో వంచాలి. నేలకు దిగేముందు ముక్కు పైకెత్తాలి. ఎంత ఎత్తులో ఎత్తాలి, ఎంత మెల్లగా ఎత్తాలి అన్నది ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది. తల లెక్క వేసేలోపు చక్రాలు నేలను కొట్టేస్తాయి. ఆ లెక్క చేతులకే తెలియాలి.

ఆ చేతుల తెలివిని ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఎక్కించే తొడుగును డాక్టర్ సుదర్శనం తయారుచేశాడు. మోచేతిదాకా వచ్చే నల్లటి తొడుగు, లోపల వెంట్రుకల్లాంటి తీగలు. ఆరితేరిన పైలట్ దాన్ని తొడుక్కుని విమానం నడిపితే ఆ చేతుల నేర్పు అందులోకి దిగుతుంది. ఇంకో పైలట్ తొడుక్కుని ఒక నిద్ర తీస్తే ఆ నేర్పు అతని చేతులకు వచ్చేస్తుంది.

మొట్టమొదట చేతులిచ్చింది స్వరూపే. అప్పుడామె నడిపేది పొడుగుదాన్ని. పైలట్లు దాన్ని అలాగే పిలుస్తారు. ఒళ్ళంతా పొడుగు, ఎగిరేటప్పుడు తొందరపడి ముక్కెత్తితే తోక నేలకు రాసుకుంటుంది. ల్యాబులో ఆమె లీవర్లు కదుపుతుంటే తెర మీద గీతలు చూసి సుదర్శనం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఏమండీ, మీ వేళ్ళు ఒక్కోటీ విడివిడిగా మాట్లాడుతున్నాయి! ఇలాంటి చేతులు నేనింతవరకు చూడలేదు."

"మా అమ్మ పుణ్యం సార్," అంది స్వరూప. "నేను నోటికంటె ముందు చేతులతోని మాట్లాడిన."

ఆ తర్వాత ఒకటి వెంట ఒకటి ఐదు తొడుగులు వేసుకుంది. నిజం చెప్పాలంటే ఆ రోజులు ఆమెకు పండగలా గడిచాయి. పొద్దున చిన్నదాంట్లో రాజమండ్రి. గోదావరి మీద గాలికి అది పల్లెవెలుగు బస్సులా ఊగుతుంది, చేతులు దాన్ని అలవాటుపడ్డ గేదెలా అదిలిస్తాయి. మధ్యాహ్నం కొమ్ములదాంట్లో ఢిల్లీ. దాని కొమ్ములు తిప్పితే బావి గిలకలా బరువు తెలుస్తుంది. మర్నాడు రెండంతస్తులదాంట్లో దుబాయ్. అందులో చక్రాలు నేలను తాకాక కూడా పైలట్ మూడంతస్తుల మేడ మీద కూర్చున్నట్టే ఉంటుంది. దిగామా లేదా అని అనుమానం వచ్చేంత మెత్తగా దిగుతుంది. మిగతా రెండు, పక్కకర్రదీ పొట్ట వెడల్పుదీ, ఆ పై వారం. చెప్పులు మార్చుకున్నంత తేలిగ్గా ఆమె విమానాలు మార్చింది. బీడీల చాట ముందు పెరిగిన పిల్ల, ఆకాశంలో తనకు రాని బండి లేదని ఎగిరిపడింది. ఎందుకు ఎగిరిపడకూడదు?

ఇంట్లో మాత్రం చిన్న చిన్న తేడాలు వచ్చాయి. బీడీ ఆకు మడవడం పోయింది. పోతే పోయింది, ఇప్పుడెవరు చుడతారు అనుకుంది. కుచ్చిళ్ళు పెట్టుకోవడం మరిచిపోయింది. యూనిఫామే కదా అని నవ్వేసింది. ఒకరోజు తల్లి, మబ్బేసింది బట్టలు తియ్యమని చెప్తే, జవాబుగా ఆమె చెయ్యి గాలిలో లేని లీవరును వెనక్కు లాగింది. లచ్చవ్వ అదేదో కొత్త హాస్యమనుకుని కడుపుబ్బా నవ్వింది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. కూతురితో చెప్పాల్సినవి మనవరాలితో చెప్పించసాగింది.

*

"చెప్పుర్రి సార్," అంది స్వరూప. "నా చేతుల్ల ఏం జరుగుతుంది?"

సుదర్శనం పెట్టె తాళం వదిలేశాడు. "చేతుల్లో చోటు అంతులేనిది కాదండీ. కొత్త నేర్పు వచ్చినప్పుడు దానికి చోటు కావాలి. వేళ్ళు ఎక్కడ బాగా తెలివిగా ఉంటాయో అక్కడే అది కుదురుకుంటుంది. మీకు తెలివంతా..."

"మా అమ్మ మాటల్ల ఉన్నది."

"అవును."

"చేతులు మరిస్తె మరిచినయ్. నా కండ్లకేమైంది? అమ్మ చేసేది నాకెందుకు సమజ్ అయితలేదు?"

"చేతులకు రాని మాటను కళ్ళు కూడా గుర్తుపట్టవండీ. రెండూ ఒకే తీగ."

"ఎప్పటిసంది తెలుసు మీకు?"

"మూడో తొడుగప్పటి నుంచి." అతని గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "కంపెనీ చెప్పొద్దంది. ఇంకొన్నాళ్ళలో దారి కనిపెడతాననుకున్నాను."

"అబ్బ, ఏం మనిషివయ్యా!" అన్నాడు రాజేశం. "మూడోది తిని కడుపునొప్పి వచ్చిందని తెలిసి నాలుగోది, ఐదోది వడ్డించినవా?"

"ఇప్పుడు గీ ఆరోది వేస్తే?" అంది స్వరూప.

డాక్టరు పెట్టె మీద రెండు చేతులూ పెట్టాడు. "మిగిలింది కూడా పోతుంది. వెయ్యకపోతే రేపటి నుంచి మీకు డ్యూటీ లేదన్నారు మేనేజర్ చక్రపాణి గారు. కొత్త విమానం వచ్చింది, మొదటి ట్రిప్పు మీతోనే అని అందరికీ చెప్పేశారు. నేను మీకు నచ్చచెప్పడానికి వచ్చాను. నా వల్ల కావట్లేదు."

గిన్నెలు గలగలమన్నాయి. పైన ఏదో దిగుతోంది. చప్పుడును బట్టే అది వెడల్పుది అని స్వరూపకు తెలిసింది. అది దింపడం ఆమె చేతులకొచ్చు. ఎదురుగా కూర్చున్న తల్లి అన్నం మాట అంటే మాత్రం అర్థం కాలేదు.

"ఆ పెట్టెల ఉన్న తొడుగును ఖాళీ చెయ్యొస్తదా?" అని అడిగింది.

"వస్తుంది. ఎందుకు?"

"అయితే కొత్త విమానం తీసెయ్యుర్రి. దాంట్లకు మా అమ్మ చేతులు ఎక్కియ్యుర్రి. నేను ఏస్కుంట."

డాక్టరు లేచి నిలబడ్డాడు. "స్వరూప గారూ, అదీ చోటు అడుగుతుంది. ఏది బయటికి పోతుందో నేను చెప్పలేను. ఒక విమానం పోవచ్చు, అన్నీ పోవచ్చు. అరువు తెచ్చుకున్నవి, మీరు నేర్చుకున్నవి అన్న తేడా దానికి తెలీదు. ఒకసారి పోతే మళ్ళీ కాక్‌పిట్‌లో కూర్చోలేరు!"

"మా అమ్మను అడిగినర్రా, కూతురితోని మళ్ల మాట్లాడలేవని? అప్పుడు లేని బాధ ఇప్పుడు ఏడికెల్లి వచ్చింది మీకు?"

"నవతా, నువ్వన్నా చెప్పమ్మా," అన్నాడు డాక్టరు.

నవత చెప్పింది, అయితే తల్లికి కాదు. బాల్కనీలోకి పోయి అమ్మమ్మ ముందు కూర్చుని జరిగినదంతా చేతులతో చెప్పింది. లచ్చవ్వ మొదట నమ్మలేదు. కూతురికి తన మీద కోపమని, పెద్ద ఉద్యోగమొచ్చి చేతులు ఊపడం సిగ్గనిపించి మాట్లాడడం లేదని ఇన్నాళ్ళూ అనుకుంటోందట. చింతచిగురు ఒళ్ళోంచి దులుపుకుని లేచింది. హాల్లోకి వచ్చి డాక్టరు చేతిలో పెట్టె లాక్కుని, తెరిచి, తొడుగులు తీసి తనే మోచేతులదాకా ఎక్కించుకుంది.

"అమ్మా, ఆగండి, అది ముందు..."

"ఆమెకు ఇనపడది సార్," అన్నాడు రాజేశం. "ఇనపడ్డా ఇనది."

సుదర్శనం ఒక క్షణం ఇద్దరు ఆడవాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పెట్టె అడుగునున్న మీట నొక్కి, తొడుగులో ఉన్న కొత్త విమానాన్ని తుడిచేశాడు. కంపెనీ అంతా ఎదురుచూస్తున్న చేతులవి. "నా ఉద్యోగం కూడా ఇంతటితో సరి," అన్నాడు. ఆ మాట అన్నాక అతని భుజాలు కాస్త తేలికైనట్టు కనిపించాయి.

*

లచ్చవ్వ మాట్లాడింది. ఎండ బాల్కనీ దాటి హాలు గోడ ఎక్కేదాకా మాట్లాడింది. అన్ని మాటలూ చెప్పాలని నవత చెబితే, ఏ మాటా విడవకూడదని ఆమె పట్టుబట్టినట్టుంది. తిండి పేర్లు, పురుగుల పేర్లు, వాన రకాలు. పల్లెలో ఒక్కొక్కరికీ తను పెట్టిన పేర్లు: ముక్కు తుడుచుకునేవాడు, నడుం ఊపుకుంటూ నడిచేది, తూకంలో మోసం చేసే బీడీల సేటు. పొద్దంతా ఏడ్చిన ఎడ్డిపిల్ల అంటే చిన్ననాటి స్వరూప. నవత పక్కన కూర్చుని పడీ పడీ నవ్వుతోంది. ఒకచోట నవ్వు ఆపేసింది.

"ఏమంటుంది?" అని అడిగింది స్వరూప.

"తాత చచ్చిపోయిన దినం చెప్తుంది. నేను చెప్పనమ్మా. నువ్వే ఇను."

స్వరూప ఎదురుగా చాప మీద కూర్చుని చూసింది. ఏమీ అర్థం కాలేదు. అయినా కన్ను తిప్పలేదు.

చివరికి లచ్చవ్వ చేతులు ఒళ్ళో పడేసి, ఇక చాలు, దాహం అంది. ఆ ఒక్క సైగ రాజేశానికి కూడా తెలిసింది. నీళ్ళు తెచ్చాడు.

ఆ తొడుగులు వేసుకుని స్వరూప అదే చాప మీద పడుకుంది. లేచేసరికి లైట్లు వేసి ఉన్నాయి. లచ్చవ్వ తల దగ్గరే కూర్చుని ఉంది. కూతురు కళ్ళు తెరవగానే, ఏమే ఎడ్డిదానా, లేచినవా అంది చేతులతో.

అర్థమైంది! అక్షరమక్షరం అర్థమైంది. స్వరూప జవాబిచ్చింది: లేచిన, ఆకలైతుంది.

లచ్చవ్వ కూతురి చేతులు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ మాట చెప్పినవి స్వరూప చేతులు కావు. స్వరూప మాటలు ఎప్పుడూ గబగబా, సగం సగం ఉండేవి. ఇవి లచ్చవ్వ మాటలు. బీడీ మూతులు మలిచీ మలిచీ బిగుసుకుపోయిన లచ్చవ్వ చిటికెనవేలు ఎలా వంగదో, స్వరూప చిటికెనవేలు కూడా అలాగే నిక్కి నిలబడింది. మాట చివర తల్లి చేతుల్లో వచ్చే ముసలితనపు వణుకు కూడా కూతురి వేళ్ళ చివర సన్నగా ఆడింది.

తొడుగు మంచిని, చెడును ఏరి తీసుకోదు. ఉన్నదున్నట్టు తెస్తుంది.

స్వరూప పోయి డైనింగ్ టేబుల్ ముందు కూర్చుంది. కళ్ళు మూసుకుని, లేని విమానాలను ఒక్కొక్కటే దించి చూసుకుంది. రెండంతస్తులది రాలేదు. వెడల్పుది రాలేదు. కొమ్ములది రాలేదు. పక్కకర్రది రాలేదు. చిన్నది సగందాకా వచ్చి ఆగిపోయింది. ఆఖరున పొడుగుదాన్ని పిలిచింది. ఎవరూ ఎక్కించనిది, రాత్రనకా పగలనకా చెమటోడ్చి తను నేర్చుకున్నది. చేతులు టేబుల్ మీద ఊరికే పడి ఉన్నాయి.

డాక్టరు ఏదో అనబోయాడు. "అయ్యో అనకుర్రి సార్," అంది స్వరూప. "నాకు ఏడ్పొస్తది. ఏడ్వాలని లేదు."

లచ్చవ్వ పళ్ళెంలో చింతచిగురు పప్పు వేసి, నెయ్యి వేసి, ముందు పెట్టింది. మాట్లాడుకుంటూ తిన్నారు తల్లీకూతుళ్ళు. తిండి చేతికీ మాట చేతికీ పోటీ పడి అన్నం టేబులంతా చిందింది.

*

మర్నాడు పొద్దున ఆమె యూనిఫాం వేసుకుని, భుజం మీద నాలుగు బంగారు పట్టీలు సరిచూసుకుని డ్యూటీకి పోయింది.

"ఎందుకు పోవుడు? ఫోన్ చేసి రానని చెప్తె అయిపాయె," అన్నాడు రాజేశం.

"దొంగలెక్క ఇంట్ల కూసుంటనా? నేనేం తప్పు చేసిన?"

తొడుగు తుడిచేసిన సంగతి రాత్రే డాక్టరు కంపెనీకి చెప్పేయడంతో కొత్త విమానానికి తాళం పడింది. బదులుగా రెండంతస్తులదాన్ని గేటు దగ్గర పెట్టారు. కాక్‌పిట్‌లో కుడివైపు సీట్లో ముజీబ్ అప్పటికే మీటలు చూసుకుంటున్నాడు. ఆమెతో ఎన్నో ఏళ్ళుగా ఎగిరిన స్నేహితుడు, ఆమెలాగే తొడుగులు వేసుకున్నవాడు. సిబ్బంది గదిలో క్యారమ్స్ ఆడితే అతని ముందు ఎవరూ నిలిచేవారు కాదు.

పైలట్లలో ఒక పద్ధతి ఉంది. బయలుదేరే ముందు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒంట్లో బాగుందా అని అడుగుతారు. బాగాలేనని చెబితే ఆ పైలట్‌ను ఎవరూ ఎక్కమనకూడదు, ఎందుకని అడగకూడదు. తొడుగులు వచ్చాక ఆ ప్రశ్న మొక్కుబడి అయిపోయింది.

"ఫిట్, కెప్టెన్ సాబ్?" అన్నాడు ముజీబ్, తల ఎత్తకుండానే.

"కాదు," అంది స్వరూప.

అతను తల ఎత్తాడు. ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. ఆ వణుకు చూసి అతను సీట్లోంచి సగం లేచాడు. ఆమె కూర్చోకుండా నిలబడే అంతా చెప్పింది. తొడుగు ఎక్కడ కూర్చుంటుందో, దేన్ని బయటికి తోస్తుందో చెప్పింది. తను దాన్నెలా వాడుకుందో కూడా దాచలేదు.

"నీకేం పోయింది ముజీబ్?" అని అడిగింది.

"నాకేం పోతది? మస్తుగున్న."

"క్యారమ్స్ ఎందుకు మానేసినవ్?"

"కండ్లు సరిగ కనవడ్తలేవు. వయసు గదా."

ఆమె అతని నీళ్ళసీసా మూత తీసి, ముందున్న చిన్న బల్ల మీద పెట్టింది. "కొట్టు."

ముజీబ్ నవ్వాడు. చూపుడువేలు మడిచాడు. వేలు విసరలేదు, కాక్‌పిట్‌లో బొత్తాం నొక్కినట్టు మూతను బల్లకేసి నొక్కింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. మూడోసారి అతను నవ్వడం లేదు.

"పోనీ తీయ్," అన్నాడు. "క్యారమ్సే గదా."

"ఇయ్యాల క్యారమ్స్. రేపు?"

వెనక నుంచి అడుగులు వినిపించాయి. మేనేజర్ చక్రపాణి, ఆయన వెంట పెట్టె ఈడ్చుకుంటూ ఇంకో కెప్టెన్. "ఏంటమ్మా ఇది? లోపల ప్రయాణికులు కూర్చుని ఉన్నారు. మా తొడుగు పాడుచేసి, మళ్ళీ యూనిఫాం వేసుకుని వస్తారా? దిగండి."

"ప్రయాణికులను ఆపను సార్. నేను నడపలేను, అందుకే దిగుతున్న," అంది స్వరూప. "వచ్చిన కెప్టెన్‌కు, ముజీబ్‌కు నిజం తెలిసి ఎక్కాలె. మీరు చెప్పలేదు గదా, నేను చెప్పిన."

"తెలిసిందిగా. ఇంక వెళ్ళండి. ఒక మాట గుర్తుపెట్టుకోండి. మీరిచ్చిన పొడుగుదాని చేతులు మా దగ్గరే ఉంటాయి. నలభై మంది మీ చేతులతో దాన్ని ఎగరేస్తుంటే మీరు ఇంట్లో కూర్చుని కిటికీలోంచి చూడాలి."

ఆ మాట సూటిగా తగిలింది. కొత్తగా వచ్చిన కెప్టెన్ ఆమె కళ్ళలోకి చూడకుండా పక్కనుంచి జరిగి సీట్లో కూర్చున్నాడు.

"చూస్త," అంది స్వరూప. "నేను చూసుడే గాదు, మా అమ్మను పక్కన కూసోవెట్టుకుని చూపిస్త. గవి నా చేతులే అని చెప్త. ఏ చేతులతోని చెప్తనో మీకు తెల్వది. మీ పెట్టెలల్ల దొరకయి గవి."

దిగి, విమానానికి ఆనించిన వంతెన మీద తలుపుకు ఎదురుగా నిలబడింది. చక్రపాణి వెనకే వచ్చి బ్యాడ్జి ఇవ్వమన్నాడు. "నేనియ్య. గుంజుకోర్రి," అంది. ఆయన చెయ్యి చాపి, చుట్టూ ఉన్న సిబ్బందిని చూసి, వెనక్కు తీసుకుని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

ముజీబ్ తలుపు దగ్గరికి వచ్చాడు. తలుపు మూసే పని పైలట్‌ది కాదు. ఆ పనికి నిలబడ్డ అమ్మాయిని పక్కకు జరగమన్నాడు. అతను కూడా దిగుతాడని స్వరూప అనుకుంది. అతని చూపుడువేలు ఇంకా గాలిలో మడుచుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"పో స్వరూపా," అన్నాడు మెల్లగా. "నాకు చెప్పకపోతే బాగుండేది."

"చెప్పిన. ఇంక తెల్వదన లేవు."

"ఏం చేస్తవ్ ఈడ నిలవడి?"

"దిగొచ్చినంక మళ్ల అడుగుత. నిన్నే గాదు, ఈ గేటు కాడ ఎక్కే ప్రతి ఒక్కరిని అడుగుత. నన్ను మోసుకపోయి బయట పడేస్తె అడ్డరోడ్డు మీద నిలవడి అడుగుత. చేతులు ఏం మరిచినయో ఒక్కొక్కరు ఇంటికి పోయి చూసుకోర్రి అని..."

ఆమె మాట పూర్తి కాకముందే ముజీబ్ ఆమె మొహం మీద తలుపు మూశాడు.